వెబ్‌సైటుకూ శీలం ఉంటుందా?

ఒక రాత్రి జరిగిన సంగతితో మొదలుపెడతాం.

మా విహారానికి ముప్పై కిలోమీటర్ల దూరంలోని ఒక పల్లెలో ఒక పెద్దాయన కాలం చేశాడు. ఇరవై ఏళ్ల కింద దీక్ష తీసుకున్న ఉపాసకుడు. "నేను పోయాక పిండాలు, కర్మకాండలు వద్దు. త్రిశరణ పంచశీలతో సాగనంపండి" అని పిల్లలకు ముందే చెప్పి ఉంచాడు. రాత్రి పదకొండు దాటాక ప్రాణం పోయింది. పెద్దకొడుకు ఫోన్ తీసి మా విహారం వెబ్‌సైటు తెరిచాడు. అతనికి కావలసినవి రెండే విషయాలు: బౌద్ధ పద్ధతిలో అంత్యక్రియలు ఎలా చేయాలి, ఆ వేళప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి.

ఆ పల్లెలో సిగ్నల్ అంతంత మాత్రం. తెర మీద ఒక చక్రం తిరగడం మొదలైంది. ధమ్మచక్రం కాదు, పేజీ ఇంకా రాలేదని చెప్పే చక్రం. చాలాసేపటికి సగం బొమ్మ వచ్చింది. దాని వెనకే బుద్ధ వందన పాట దానంతటదే పెద్దగా మోగింది. శవం చుట్టూ కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఫోన్ నంబరు మాత్రం కనిపించలేదు. తెల్లవారేసరికి బంధువులు దిగారు. మిగతాదంతా వాళ్లకు అలవాటైన పద్ధతిలోనే జరిగిపోయింది.

పది రోజుల తరువాత ఆ కొడుకు విహారానికి వచ్చాడు. "మీ నంబరు దొరకలేదు సార్. నాన్న మాట నిలబెట్టలేకపోయాను" అన్నాడు. ఆ గొంతులో నింద లేదు. అందుకే మాకు ఎక్కువ తగిలింది.

నంబరు వెబ్‌సైటులో ఉంది. 'మా గురించి' అనే పేజీలో, పద్నాలుగు ఫోటోల కింద, చిన్న అక్షరాలలో ఉంది. అంటే ఉండీ లేనట్టే. ఆ రోజు నుంచి ఒక ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఇది కంప్యూటర్ కుర్రాడు సరిదిద్దవలసిన సాంకేతిక లోపమా, లేక మేము జవాబు చెప్పుకోవలసిన నైతిక దోషమా?

మొదట మమ్మల్ని మేమే సమర్థించుకున్నాం. బుద్ధుడు చేతననే కమ్మం అన్నాడు కదా, మాకు చెడు ఉద్దేశం లేదు కదా అనుకున్నాం. కానీ న్యాయశాస్త్రం చదివినవాళ్లం ఇంత సులువుగా తప్పించుకోలేం. దురుద్దేశం లేకపోయినా, జాగ్రత్త వహించవలసిన వాడు వహించకపోతే చట్టం అతన్ని బాధ్యుణ్ణి చేస్తుంది. దానికి నిర్లక్ష్యమని పేరు. ధమ్మంలో దానికి పమాదమని పేరు, అంటే ఏమరుపాటు. మహాపరినిబ్బానం ముందు తథాగతుడు భిక్షువులకు చివరిగా చెప్పింది ఏమరుపాటు లేకుండా ఉండమనే. వెయ్యి విషయాలు బోధించినవాడు వెళ్లేముందు దాన్నే ఎంచుకున్నాడంటే, మంచి ఉద్దేశం ఒక్కటే చాలదనే కదా అర్థం.

మా వెబ్‌సైటు అంత బరువు ఎలా ఎక్కిందో చూడండి. అది ఎవరో ఒకరి తప్పు కాదు. దాతల ఫోటోలు పైన ఉండాలని ఒకరన్నారు. ఏప్రిల్ 14 ఊరేగింపు ఫోటోలు కదులుతూ కనిపించాలని ఇంకొకరన్నారు. పేజీ తెరవగానే వందన వినిపించాలని మరొకరన్నారు. ప్రతి కోరికా భక్తితోనో అభిమానంతోనో వచ్చిందే. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక అన్నింటికీ తలూపాం. వచ్చేవాడికి ఏం కావాలని మాత్రం ఒక్కరం కూడా అడగలేదు.

తరువాత లెక్క వేసి చూశాం. ఫోన్‌తో తీసి అలాగే ఎక్కించిన ఫోటో ఒక్కొక్కటి దాదాపు మూడు మెగాబైట్లు. పద్నాలుగు ఫోటోలకు నలభై రెండు. యూనికోడ్‌లో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటి సాధారణంగా మూడు బైట్లు తీసుకుంటుంది. ఆ లెక్కన మీరు చదువుతున్న ఈ వ్యాసమంతా కలిపి యాభై కిలోబైట్లకు అటూ ఇటూ. అంటే ఒక్క ఫోటో బరువులో ఇలాంటి వ్యాసాలు అరవై పడతాయి. సిగ్నల్ నీరసించి సెకనుకు వంద కిలోబిట్లే అందుతున్న చోట ఈ వ్యాసం నాలుగు సెకన్లలో వస్తుంది. ఆ ఫోటోలన్నీ రావడానికి దాదాపు గంట పడుతుంది. చావు జరిగిన ఇంట్లో ఒక కొడుకును మేము గంటసేపు గుమ్మం బయట నిలబెట్టామన్నమాట.

ఇక్కడే రెండవ శీలం గుర్తుకొచ్చింది. ఇవ్వనిది తీసుకోకపోవడం. దొంగతనం చేయకపోవడమని మనం దాన్ని పొట్టిగా చెప్పుకుంటాం. కానీ 'అదిన్నాదానం' అనే మాట దొంగతనం కంటే వెడల్పయినది. ఎదుటివాడు తన చేతులతో ఇవ్వనిదేదీ మనది కాదని దాని భావం. వెబ్‌సైటుకు వచ్చే మనిషి తనతో మూడు తెచ్చుకుంటాడు: కొంత డేటా, కొంత సమయం, కొంత ధ్యాస. డేటాకు డబ్బు పోశాడు. సమయం కూలిలోంచి మిగుల్చుకున్నది. ధ్యాస అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే మనం సాధన చేసేదే దానితో. వందన వేళ తెలుసుకోవడానికి అతను ఇచ్చిన ధ్యాసను మేము ఊరేగింపు బొమ్మలకు మళ్లించుకున్నాం. అతను ఇచ్చింది ఒకందుకు, మేము తీసుకున్నది ఇంకొకందుకు. కొద్దికొద్దిగా, ఎవరికీ నొప్పి తెలియకుండా తీసుకున్నాం. అయినా ఇవ్వనిదే తీసుకున్నాం.

వెబ్ పుట్టుక దీనికి సరిగ్గా వ్యతిరేకం. 1991లో సెర్న్ పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ అందరికీ తెరిచిన మొదటి వెబ్‌సైటులో ఉన్నవి అక్షరాలు, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లే లింకులు, అంతే. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ ఈ సాంకేతికతను ఎవరైనా రుసుం లేకుండా వాడుకోవచ్చని ప్రపంచానికి వదిలేసింది. మన మాటల్లో చెప్పాలంటే అది దానం. దానంగా వచ్చిన దారిలో మనం సుంకం వసూలు చేయడం న్యాయమా?

ఇంతవరకూ చెప్పింది మా కమిటీలో ఒక పెద్దాయనకు నచ్చలేదు. ఆయన అభ్యంతరం బలమైనది, దాన్ని దాచకుండా మీ ముందు పెడతాం. "మన తాతలు చెప్పులు చేత పట్టుకుని ఊళ్లో నడిచారు. మంచి బట్ట కడితే ఓర్వలేదు, మంచి ఇల్లు కడితే ఓర్వలేదు. ఇప్పుడు నాలుగు రంగులతో మనకంటూ ఒక గుమ్మం కట్టుకుంటే అది కూడా బోసిగా ఉండాలంటారా? బాబాసాహెబ్ కోటు, టై వేసుకున్నాడు, కొల్లాయి కట్టలేదు" అన్నాడు.

ఆ మాటకు మేము చాలాసేపు జవాబు చెప్పలేకపోయాం. ఎందుకంటే నిరాడంబరతను పేదలకు ఉపదేశించడం ఈ దేశంలో పాత అలవాటు. ఉన్నవాడు తక్కువ వాడితే అది త్యాగం, లేనివాడు తక్కువతో బతికితే అది అతని కర్మ అన్నారు. పేదరికాన్ని పుణ్యంగా చూపే ఆ ఆలోచనను బాబాసాహెబ్ జీవితాంతం ఎదిరించాడు. బుద్ధుడు కూడా న్యాయంగా సంపాదించిన గృహస్థుల ధనాన్ని తప్పు పట్టలేదు. అనాథపిండికుడు ఆయన ఉపాసకులలో అగ్రగణ్యుడు.

కాబట్టి మేము చెప్పే సరళత పేదరికపు వేషం కాదు. అమరావతి స్తూపాన్ని చూడండి. అక్కడి శిల్పం బోసిగా లేదు. ఆ స్తూపానికి దానమిచ్చినవారిలో విధికుడనే చర్మకారుడు ఉన్నాడు. పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకాన్ని అతను తన కుటుంబంతో కలిసి ఇచ్చినట్టు శాసనం చెబుతోంది. తోలుపని చేసే మనిషి పేరు రాతి మీద రెండు వేల ఏళ్లుగా నిలిచి ఉంది. మనకు అంతకన్నా గౌరవం ఏం కావాలి? కానీ గమనించండి, ఆ పేరు చిన్న శాసనంలోనే ఇమిడింది. అది స్తూపానికి దారి మూయలేదు. ప్రదక్షిణ చేయడానికి వచ్చినవాడు ముందు దాతల పేర్లన్నీ చదివితేనే లోపలికి రానిస్తామని ఎవరూ అనలేదు. అందం ఉంది, గౌరవం ఉంది, దారీ ఉంది. మా వెబ్‌సైటులో మొదటి రెండింటి కోసం మూడోదాన్ని పోగొట్టుకున్నాం.

బాబాసాహెబ్ కోటు సంగతీ అంతే. బాగా కుట్టిన కోటుకు వేలాడే కుచ్చులుండవు. దాని హుందాతనం కొలతలో ఉంటుంది. దాదర్‌లో ఆయన కట్టించుకున్న రాజగృహంలో పెద్దపీట వేసింది పుస్తకాలకు. దేనికోసం కడుతున్నామో తెలిసి కట్టడమే దర్జా. ఈ మాట విన్నాక పెద్దాయన పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, "అయితే ఆ కొడుకుకు కావలసింది ముందు పెట్టండి, తరువాత చూద్దాం" అన్నాడు. మాకు కావలసిన సూత్రం ఆయన నోటనే వచ్చింది.

ఏది ముందు పెట్టాలి, ఏది తీసేయాలి అన్నది తేల్చుకోవడానికి వినయం నుంచి ఒక పద్ధతి దొరికింది. భిక్షువుకు చీవరాలు, పాత్ర, నడికట్టు, సూది, మంగలికత్తి, నీళ్లు వడకట్టే గుడ్డ కలిపి ఎనిమిది పరిష్కారాలు. చీవరం తొడిగేటప్పుడు, అన్నం తినేటప్పుడు ఇది దేనికని భిక్షువు ఆలోచించుకోవాలి. చీవరం చలికి, ఎండకు, దోమలకు అడ్డు, ఒంటికి మరుగు. అంతకు మించి సింగారానికి కాదు. ఆ ఎనిమిదింటిలో నీళ్ల వడపోత గుడ్డ ఉండటం మాకెప్పుడూ ఆశ్చర్యమే. అది నీళ్లలోని చిన్న ప్రాణుల కోసం కూడా. అంటే అవసరాల జాబితాలో ఇతరుల క్షేమానికి చోటుంది. సరళత అంటే ఉన్నదల్లా పారేయడం కాదని ఆ గుడ్డ చెబుతోంది.

ఇదే ప్రశ్నతో మా పేజీ ముందు కూర్చున్నాం. కదిలే బొమ్మలు దేనికి? మా తృప్తికి. తీసేశాం. దానంతటదే మోగే పాట? వినాలనుకున్నవాడు నొక్కి వింటాడు. సందేశాల పెట్టె మధ్యలో ఎగిరిపడటం దేనికి? ఎవరికీ తెలియదు, ఆ అచ్చు కొన్నప్పుడు దానితోపాటు వచ్చిందట. ముస్తాబు ఫాంటు దేనికి? అందానికి. కొన్ని తెలుగు ఫాంట్లు వందల కిలోబైట్లు ఉంటాయి, ఇప్పటి ఫోన్‌లో తెలుగు అక్షరాలు ఎలాగూ ఉన్నాయి. దాన్నీ తీసేశాం.

భాష సంగతి కూడా చూసుకున్నాం. తథాగతుని మాటలను వేదభాషా ఛందస్సులోకి మారుస్తామని బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన ఇద్దరు సోదర భిక్షువులు అడిగితే, ఆయన వారిని మందలించి, వాడుక భాషలోనే నేర్చుకోనిచ్చాడని చుల్లవగ్గలో ఉంది. అశోకుడు కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద శాసనాలు చెక్కించింది ప్రాకృతంలో. కాందహార్ వైపు వెళ్లేసరికి అదే ధమ్మాన్ని గ్రీకులో, అరామిక్‌లో చెక్కించాడు. చదివేవాడి దగ్గరికి మాట వెళ్లాలన్నది ఆ చక్రవర్తి పద్ధతి. మా పేజీలో 'సంప్రదించు విధానము' అని ఉన్నచోట 'ఫోన్ చేయండి' అని రాశాం.

అయితే ఇంకో వైపు కూడా జారిపోవచ్చు. తక్కువ ఉంటే చాలు అదే గొప్ప అనుకునే ఫ్యాషన్ ఒకటి బయలుదేరింది. తెల్ల తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు, పేరు లేని గుర్తులు, దారులన్నీ మూడు గీతల వెనక దాచేయడం. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. అరవై దాటిన ఉపాసికకు ఆ మూడు గీతలు నొక్కాలని ఎవరు చెప్పారు? ఎండలో నిలబడి చూసే కూలీకి ఆ లేత అక్షరాలు కనిపిస్తాయా? మామూలు పరిమాణపు అక్షరానికీ దాని వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. భోగం ఒక అంచు, దేహాన్ని ఎండగట్టడం ఇంకో అంచు అని ధమ్మచక్ర ప్రవర్తనంలోనే విన్నాం. కావలసింది దాచేసే సరళత కూడా ఆడంబరమే.

చూపు లేనివారి మాట ప్రత్యేకంగా చెప్పాలి. వారు ఫోన్ చదివి వినిపిస్తే వింటారు. ఫోన్ సరిగా చదవగలిగేది అక్షరాలను. మనలో చాలామంది వందన పాఠాన్ని పాత డీటీపీ ఫాంటులో కొట్టి, దాన్ని ఫోటోగా మార్చి పెడతాం. కళ్లున్నవాడికి అది పాఠం. చూపు లేనివాడికి అది చాలావరకు మౌనం. అదే పాఠాన్ని యూనికోడ్ అక్షరాలలో పెడితే బరువు తగ్గుతుంది, వెతికితే దొరుకుతుంది, చెవికీ వినిపిస్తుంది. ఒక్క సరళత ముగ్గురికి మేలు చేస్తుంది.

ఇది దయ చూపే విషయం మాత్రమే కాదు, హక్కు కూడా. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలంటోంది. ఖాతా తెరవాలంటే కెమెరా ముందు కళ్లు ఆర్పమనే పద్ధతి వల్ల యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు వెలిగా మిగిలిపోతున్నారని వేసిన పిటిషన్లలో, 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలను అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. కొనేవాణ్ణి తెరమీద మభ్యపెట్టే పదమూడు రకాల ఎత్తుగడలను 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిషేధించింది. అడగని వస్తువును బిల్లులో చేర్చడం, లేని తొందర పెట్టడం, చేరడం తేలికచేసి వదిలిపోవడం కష్టం చేయడం వాటిలో ఉన్నాయి. మన భాషలో ఇవి రెండవ, నాలుగవ శీలాలు.

కానీ చట్టం ఉంటే చాలదని మనకన్నా ఎవరికి తెలుసు? 1923లో బొంబాయి శాసనమండలి ప్రజా జలాశయాలను అంటరానివారికి తెరవాలని తీర్మానించింది. మరుసటి ఏడాది మహాడ్ పురపాలక సంఘం చవదార్ చెరువును తెరిచినట్టు తీర్మానించింది. కాగితం మీద తెరుచుకున్న ఆ చెరువులో బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి నీళ్లు ముట్టింది 1927 మార్చి 20న. ఆ నీళ్ల కోసం దెబ్బలు తిన్నవారి బాధను ఒక బరువైన పేజీతో సమానం చేయడం లేదు. అలా చేస్తే వారికి అపచారం. మేము తీసుకుంటున్నది ఒక్క పాఠమే. 'అందరికీ తెరిచే ఉంది' అని రాసిపెట్టడం వేరు, అందరూ నిజంగా నీటిదాకా రాగలగడం వేరు. ఆ తేడా తెలిసిన జాతి తన గుమ్మం దగ్గర ఇంకొకరిని ఆపకూడదు.

ఇప్పుడు మా పేజీలో పైన విహారం చిరునామా, రెండు ఫోన్ నంబర్లు, ఆదివారం వందన వేళ ఉన్నాయి. కింద పెళ్లి, నామకరణం, అంత్యక్రియలు, దీక్ష అనే నాలుగు మాటలు. వేటిని నొక్కితే వాటి పద్ధతి అక్షరాలలో వస్తుంది. బుద్ధుని బొమ్మ ఒక్కటే ఉంది, ముప్పై కిలోబైట్లకు కుదించాం. దాతల పేర్లు వేరే పేజీలో, ఒక్కొక్కరికి ఒక్క వరుస. ఊరేగింపు ఫోటోలూ ఉన్నాయి, చూడాలనుకున్నవాళ్లు నొక్కి చూస్తారు. మొదటి పేజీ మొత్తం వంద కిలోబైట్లు దాటదు. ఆ పల్లెలోని సిగ్నల్‌కు ఎనిమిది సెకన్లు.

ఆ లెక్క నిజమో కాదో చూడమని ఆ పెద్దకొడుకునే అడిగాం. తండ్రి చనిపోయిన ఆ వరండాలోనే నిలబడి తెరిచి, మాకు ఫోన్ చేశాడు. "నంబరు పైనే ఉంది సార్" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "అప్పుడు ఉంటే బాగుండేది" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి తిరిగి రాదు. ఆ పెద్దాయన చివరి కోరిక తీరనిదిగానే మిగిలింది.

మీ విహారానికో, మీ సంఘానికో, మీ పత్రికకో వెబ్‌సైటు ఉంటే ఈ పని ఒక్కటి చేయండి. మీ ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా చవకైన ఫోన్ తీసుకోండి. సిగ్నల్ సరిగా లేని చోటికి నడవండి. అర్ధరాత్రి ఇంట్లో శవం ఉందనుకుని మీ పేజీ తెరవండి. కావలసిన మాట ఎన్ని క్షణాల్లో కనిపిస్తుందో చూడండి. అక్కడ మీకు అడ్డొచ్చినవన్నీ ఇవ్వనిది తీసుకుంటున్నవే. వాటిని తీసేయడం ఆ పూటకు మీ శీల సాధన.

నమో బుద్ధాయ. జై భీమ్.